పనసకు కట్టిన దొంగ అంట్లు

పూండి దగ్గర మా ఊళ్లో నీలమ్మత్త అంటు కట్టిందంటే జీడైనా, సపోటా అయినా బతికి తీరేది. పనస దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూడేళ్లు వరసగా ఆమె పరువు పోయింది. పోగొట్టినవాడు ఆమె తమ్ముడు పాపారావు, అంటే మా నాన్న.

తిత్లీ తుఫానుకు అత్త దొడ్లో మిగిలింది ఆ ఒక్క పనస చెట్టే. వాళ్లమ్మ పెంచింది. గింజ నాటితే ఆ తీపి రాదు. ఈ ఎండాకాలంలో రోడ్డు వెడల్పు వాళ్లు వచ్చి, దసరా వెళ్లగానే కొట్టేస్తామని దానికి ఎర్ర రంగు పూసి వెళ్లారు. ఈలోగా కొమ్మకు వేళ్లు పుట్టకపోతే అమ్మ చెట్టు ఇక లేనట్టే.

పనస మొండిది. అత్త లేత కొమ్మలకు నెల రోజులు నల్లగుడ్డ చుట్టి ఉంచేది. వెలుతురు తగలక అవి పాలిపోయాక బెరడు ఉంగరంలా తీసి, వేరు మందు రాసి, తడి కొబ్బరి పొట్టు పెట్టి నల్ల కవరు కట్టేది. ఆ తర్వాత రెండున్నర నెలలు ముట్టకూడదు. మా నాన్నకు ఆ చివరి ముక్క చెవికెక్కదు. అన్నం ఉడికిందా అని మూత తీసినట్టు వారానికోసారి విప్పి చూసేవాడు. లేత వేరు గాలికి ఎండి చచ్చేది.

"నాను ముట్నేదప్పా," అనేవాడు అక్కతో, గోళ్లలో కొబ్బరి పొట్టుతో.

ఈసారి అత్త చేతికందే కొమ్మలకు, బెరడు తియ్యకుండానే, నాలుగు ఉత్త మూటలు కట్టింది. అసలువి రెండూ పైన ఆకుల చాటున ఉన్నాయి. "ఒరే, ఈ నాలుగూ ముట్టుకున్నావంటే నీకూ నాకూ మాటల్నేవు," అని మరీ చెప్పింది. ఇంకేం, వారం తిరక్కుండా నాలుగూ విప్పాడు. తనను వెర్రివాణ్ణి చేశారని అర్థమై రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు నవ్వు ఆగలేదు, దాచుకోనూ లేదు.

వినాయక చవితి వెళ్లాక అత్తకే ఆత్రం పుట్టింది. నిచ్చెన ఎక్కి పై మూట దారం మీద చెయ్యి వేసింది.

"అప్పా, దిగు," అన్నాడు నాన్న కింద నుంచి. "ఇప్పుడేటి సూత్తావు? రోజులు నిండనీ."

అత్త సిగ్గుపడి దిగింది. ఆ రోజు నుంచి నిచ్చెన మా ఇంట్లో, నాన్న మంచం కింద ఉంది.

దసరా మర్నాడు రంపాలు వచ్చాయి. అత్త ముందే రెండు కొమ్మలూ కోసి తెచ్చింది. మొదటి మూటలో అంతా కుళ్లు. రెండోది విప్పబోతుంటే నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"రారా, ఇప్పుడు సూడొచ్చు," అంది అత్త.

"నాను సూడను. నువ్వే సూసి సెప్పు."

అత్త చూసింది. దగ్గరికొచ్చి, తెల్లటి లేత వేళ్లను తమ్ముడి అరచేతికి తాకించింది.