తూర్పు పక్క వదిలిన గవాచి

ఆ రోజు మా అన్న అడిగితే తిప్పినానని చెప్పాను. తిప్పలేదు. పన్నెండేళ్ల పాటు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల మా వదిన ఏం మోస్తోందో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలియక ఊరుకున్నానని అనుకునే వీలు కూడా నాకు లేదు.

ఏది తిప్పలేదో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. ఎమ్మిగనూరులో మాది మట్టి మిద్దె. దూలాల మీద కట్టెలు పరిచి, ఆ పైన చౌడు మన్ను పోసి చదును చేసిన కప్పు. నడిమింట్లో అన్న గుంట మగ్గం, దాని వెనక వంటిల్లు. పొయ్యికి కాస్త పక్కగా కప్పులో మూరెడు రంధ్రం ఉంటుంది. పొగ పోవడానికీ, వెలుతురు రావడానికీ అదే దారి. దాన్ని గవాచి అంటాం. మిద్దె పైన దాని చుట్టూ జానెడు గట్టు కట్టి, గట్టు మీద నాలుగు రాళ్లు పెట్టి, వాటి మీద బండ మూత వేస్తారు. బండకూ గట్టుకూ మధ్య మూడు పక్కల మన్ను మెత్తి, ఒక్క పక్క మాత్రం నాలుగు వేళ్ల సందు వదులుతారు.

ఆ వదిలే పక్కలోనే ఉంది పనితనమంతా. ఏరువాక వానలు పడమటి గాలితో వస్తాయి కాబట్టి అప్పుడు సందు తూర్పుకు ఉండాలి. దసరా దాటాక వచ్చే తుపాను వానలు తూర్పు నుంచి కొడతాయి. ఆ లోపల మిద్దె ఎక్కి, ఎండి బిగిసిన మన్ను పగలగొట్టి, తూర్పు పక్క మూసి పడమటి పక్క తెరవాలి. దీన్నే గవాచి తిప్పడం అంటారు. మా నాయన ఉన్నన్నాళ్లూ ఆయనే తిప్పేవాడు. ఆయన పోయాక నా వంతు వచ్చింది. గుంటలో కూర్చుని కూర్చుని అన్నకు మోకాళ్లు పట్టేశాయి. నిచ్చెన ఎక్కలేడు.

అప్పటికి నాకు ముప్పై అయిదు దాటాయి. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పని. అక్కడే బాడుగ ఇంట్లో నా భార్యా పిల్లలతో ఉండేవాణ్ణి. ఆ ఏడు దసరా అయిన రెండో ఆదివారం అన్న రమ్మన్నాడు. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి వదిన చౌడు మన్ను తెప్పించి వాకిట్లో కుప్ప పోయించి ఉంచింది. గంపలు నింపి నిచ్చెన మీద నుంచి ఆమె అందిస్తుంటే నేను మిద్దె మీద పోసి, నెర్రెలన్నీ పూడ్చి, నీళ్లు చల్లి తొక్కాను.

అమ్మ మంచం వంటింట్లో పడమటి గోడ పక్కన ఉండేది. రెండేళ్ల ముందు జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఆమె లేవలేదు. పొయ్యి వెచ్చదనం కోసం అక్కడ వేశాం. నేను పైన తొక్కుతుంటే గవాచిలో నుంచి మన్ను రాలి ఆమె మీద పడింది.

"లేయ్, నా నోట్లో మన్ను పోస్తాండావు. ఇంకా సావలేదు నేను" అని కింద నుంచి అరిచింది.

"నోరు మూసుకుంటే పడదు కదమ్మా."

"ఆ యమ్మ నోరు మూసుకుంటే మనకే దిగులైతాది లే అప్పా" అంది వదిన గంప అందిస్తూ. కింద అమ్మ నవ్వడం వినిపించింది. వాళ్లిద్దరూ అలాగే ఉండేవాళ్లు. వదినది హొళగుంద. ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబం. ఇరవై ఏళ్లు గడిచినా పొగను హొగె అనేది. అమ్మ ఆ మాటను దీర్ఘం తీసి వెక్కిరించేది. అమ్మకు స్నానం, తిండి, అన్నీ వదిన చేతి మీదే.

మిద్దె పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. గవాచి ఒక్కటే మిగిలింది. గడ్డపారతో రెండు పోట్లు పొడిచాను. ఆ ఏడు నేనే గట్టిగా మెత్తిన మన్ను, రాయిలా ఉంది. అంతలో మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. పత్తి బండ్లు వరసకట్టి ఉన్నాయి, సాయంత్రానికి కాటా దగ్గర ఉండాలన్నారు. నిజానికి ఇంకో గంట ఉండి చేసి పోయినా ఎవరూ నన్ను తీసేసేవాళ్లు కాదు. నాకు విసుగు పుట్టింది. ఎటు వదిలితే ఏమి, బండ ఉంది కదా, నాయన చాదస్తం కాకపోతే అనుకున్నాను. గడ్డపార భుజాన వేసుకుని దిగాను.

అన్న మగ్గంలో నుంచి తల ఎత్తకుండానే అడిగాడు. "గవాచి తిప్పినావా?"

"తిప్పినాలే" అన్నాను. చేతులు కడుక్కుని బస్సుకు పోయాను.

పది రోజులకు తుపాను పట్టింది. మొదటి రోజు ముసురు. రెండో రోజు పొద్దున తూర్పు గాలి లేచింది. ఆ రోజు నేను ఆదోనిలో ఉన్నాను. జరిగింది తరవాత విన్నాను. వదిన పొయ్యిలో తడి పత్తికట్టె పెట్టి అంటిస్తే పొగ పైకి పోకుండా ఇంట్లోకే తిరిగి వచ్చింది. అమ్మకు దగ్గు తెర పట్టింది. వంటింట్లో మూల ఒక పొడుగు కట్టె ఉంటుంది. పొగ మరీ కమ్మినప్పుడు దానితో కింద నుంచి బండను కాస్త ఎగదోయడం మా వీధిలో అందరు ఆడవాళ్లూ చేసేదే. వదిన కూడా అదే చేసింది. తూర్పు పక్క బండ కొంచెం లేచి, పక్కకు జరిగింది. పొగ పోయింది. వంట అయింది. అన్న మార్కెట్టుకు పోయాడు. వదిన అమ్మకు తినిపించి, నూలు తేవడానికి నాలుగు వీధుల అవతలికి పోయింది. ఆమె అక్కడ ఉండగా పెద్ద వాన దిగింది. తగ్గుతుందేమోనని గంటసేపు వసారాలో నిలబడింది. ఆ గంటసేపూ తూర్పు నుంచి కొట్టిన వాన ఆ సందులో నుంచి నేరుగా అమ్మ మంచం మీద పడింది. లేవలేని మనిషి. పిలిచి ఉంటుంది. ఆ వానలో ఎవరికి వినిపిస్తుంది.

కబురు అంది, మరునాడు వాన తెరిపి ఇచ్చినప్పుడు నేను వచ్చాను. అమ్మ నడిమింట్లో దుప్పట్ల కింద వణుకుతోంది. నేను ఎవరితోనూ మాట్లాడకుండా ముందు నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాను. సందు తూర్పుకే ఉంది, కింద నుంచి కట్టెతో ఎగదోసిన బండ పక్కకు జరిగి ఉంది. అప్పుడు అర్థమైంది. సందు పడమటికి ఉండి ఉంటే తూర్పు గాలికి పొగ వెనక్కి తిరిగేది కాదు. పొగ తిరగకపోతే వదిన కట్టె పట్టేది కాదు. ఆమె చేసిన పనికి కూడా కారణం నేనే.

అప్పుడు నేను చేసింది మొదటి అబద్ధం కంటే నీచమైనది. ఆ తడి మన్నుతోనే తూర్పు పక్క మూసేశాను. పడమటి పక్క పగలగొట్టి సందు తెరిచాను. పది రోజుల ముందు విసుగుపడిన పని ఆ రోజు చకచకా అయిపోయింది. దిగేసరికి అన్న వదినను అడుగుతున్నాడు.

"కట్టెతో పొడిచినావా లేదా? అది సెప్పు."

"పొడిచినాను. హొగెకు అమ్మ దగ్గు ఆగకపోతాంటే పొడిచినాను."

"వాడు తిప్పి కట్టుదిట్టం చేసి పోయిన బండను నువ్వు కదిలించి, ముసలిదాన్ని వదిలేసి పోయినావు."

నా చేతులకు మన్ను ఉంది. వదిన నా వైపు చూసింది. నేను సాక్ష్యం చెబుతానని కాదు, అన్నను ఆపుతానని. "బండ జరిగిండాది, సర్దినాను" అని మాత్రం అన్నాను. అమ్మను చూడ్డానికి వచ్చిన పొరుగావిడ ఒకామె, ఆ కన్నడం పక్క ఊళ్ల ఆడోళ్లకు చేతికి కట్టె దొరికితే ఊరికే ఉండరని, అందరికీ వినబడేటట్టు గొణిగింది. వదిన తల వంచుకుంది.

అమ్మ పదకొండు రోజులు ఉంది. ఆయాసం తగ్గలేదు. మంచం తిరిగి వంటింట్లోకే వేయించుకుంది. చివరి ఆదివారం సాయంత్రం నేను పక్కన కూర్చుని ఉంటే ఎదుటి గోడ వైపు చేయి చూపింది. తూర్పు గోడ మీద అరచేతి వెడల్పు ఎండ పడి ఉంది.

"మొన్నటిదాకా ఎండ పొద్దున్నే నా కాళ్ల మీద పడుతుండె. ఇప్పుడు మాపటికి ఆ గోడ మీద పడతాండాది" అంది.

అంతే అంది. రెండేళ్లు ఆ మంచం మీద పడుకుని ఆ వెలుతురునే చూసిన మనిషి. సందు ఎటు ఉందో ఆమెకు చెప్పాల్సిన పని లేదు. నేను తిప్పలేదని ఆమెకు తెలుసు, ఎప్పుడు తిప్పానో కూడా తెలుసు. అన్నతో చెప్పలేదు. నాకే వదిలేసింది. నేను లేచి బయటికి పోయాను. రెండు రోజులకు అమ్మ పోయింది.

తరవాత అన్న వదినను కొట్టలేదు, వెళ్లగొట్టలేదు. అలా చేసి ఉంటే నేను నోరు తెరిచేవాణ్ణేమో అనుకుంటాను కానీ అది కూడా నమ్మలేను. అన్న ఒకటే చేశాడు. అమ్మ తిథి రోజు వదిన చేతి వంట పనికిరాదన్నాడు. ఆ రోజు నా భార్య ఆదోని నుంచి వచ్చి, తిథి వంట గ్యాసు మీద చేయరు కాబట్టి ఆ పొయ్యి మీదే, ఆ గవాచి కిందే వండాలి. వదిన వాకిట్లో కూర్చోవాలి. పన్నెండేళ్లు అమ్మకు పెట్టే అన్నం ఆమె ముట్టలేదు. నా భార్య మొదట్లో ఇదేం పద్ధతి అని నన్నడిగింది. పెద్దవాళ్ల సంగతి మనకెందుకన్నాను.

వదిన కూడా తనను తాను నమ్మడం మానేసింది. ఆ పొడుగు కట్టెను విరిచి పొయ్యిలో పెట్టింది. టీవీలో తుపాను అని చెబితే చాలు, తానే మిద్దె ఎక్కి బండ చూసి వచ్చేది. దిగి, మళ్లీ అనుమానం వచ్చి మళ్లీ ఎక్కేది. నేను వచ్చి తిప్పిపోయాక కూడా ఎక్కేది. దాన్ని చూసి అన్న, అప్పుడుండాల్సిన బుద్ధి ఇప్పుడొచ్చినాది అనేవాడు.

ఈ ఏడు అమ్మ తిథి నాటికి తుపాను మబ్బు పట్టింది. మేం పొద్దున్నే ఎమ్మిగనూరు వచ్చాం. నా భార్య స్నానం చేసి వంటింట్లోకి పోయింది. వదిన అప్పటికే మిద్దె మీద ఉంది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. నిచ్చెన మెట్టు మీద కాలు వెతుక్కుంటూ దిగుతుంటే నిచ్చెన పట్టుకున్నాను.

"పడమటి పక్కే ఉండాది కదా అప్పా? నా కండ్లకు సరిగ్గా ఆనలేదు. ఇంకోపారి సూస్తావా?" అంది.

నేను ఎక్కలేదు. నా భార్యను పొయ్యి అంటించవద్దన్నాను. అన్నను మగ్గం దగ్గర నుంచి లేపి వాకిట్లోకి పిలిచాను. నిలబడి మొదటి నుంచి చెప్పాను. ఫోన్ సంగతి, విసుగు సంగతి, తిప్పినాలే అన్న సంగతి, వాన తరవాత మన్ను మెత్తిన సంగతి, అమ్మ చూపించిన ఎండ సంగతి. అన్న తిన్నె మీద కూలబడ్డాడు. మోకాళ్లు రెండు చేతులతో పట్టుకుని నేలకేసి చూశాడు.

"పన్నెండేండ్లు నాతో ఆమెను ఆ మాటనిపించినావు కదరా" అన్నాడు.

వదిన ఏడవలేదు. నిచ్చెన మెట్టు మీద చేయి వేసి నిలబడే ఉంది.

"హొగె యెందుకు తిరుక్కోనొచ్చినాదో అని ఎన్ని మార్లు అనుకుంటినో" అంది, నాతో కాదు, తనలో తాను. "తిప్పిన గవాచి కదా, హొగె యెందుకొచ్చినాది అని. నా చేతిదే తప్పనుకుంటి."

నేను ఆమె ముందు వంగి కాళ్లు పట్టుకున్నాను. ఆమె వెనక్కి తీసుకోబోయింది కానీ నేను వదల్లేదు.

"తప్పు నీ చేతిది కాదు వదినా. నేను తిప్పలేదు. తిప్పినానని అబద్ధం సెప్పినాను, నిన్ను అంటాంటే వింటా నిలబడినాను. ఈ పొద్దు అమ్మకు నువ్వే వండు. నన్ను మన్నించు."