రుక్మిణమ్మ కబ్ దళం

ఉప్పుగూడ స్టేషను దగ్గరి ప్రాథమిక బడిలో రుక్మిణమ్మ పంతులమ్మ. చిన్న వయసులోనే భర్త పోతే అన్న ఇంటికి తిరిగొచ్చి, చదువుకొని ఉద్యోగం సంపాదించుకుంది. 1936లో బడిలో చిన్నపిల్లల స్కౌటు దళం పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మగ పంతుళ్లెవరూ ముందుకు రాలేదు. చీమిడి ముక్కులు తుడిచే పని తమకెందుకన్నారు. రుక్మిణమ్మ ఒప్పుకుంది.

ఆ పిల్లలను కబ్బులనేవారు. వాళ్ల మెడలకు పచ్చ రుమాళ్లు ఆమే కుట్టింది. అప్పటి సర్కారు బళ్లకు శుక్రవారమే సెలవు కాబట్టి ఆ రోజు పొద్దున్నే వరుస కట్టించి మూసీ ఒడ్డుకు నడిపించేది. తాడుకు ముడులు వేయడం, గాయానికి కట్టు కట్టడం నేర్పేది. వీధిలో ఎదురైన పిల్లవాడల్లా రెండు వేళ్లెత్తి సలాం చేసేవాడు. అన్న ఇంట్లో ఆమెను పలకరించే దిక్కు లేదు. ఆ సలాములతోనే కడుపు నిండేది.

కొన్నేళ్లకు బడికి సావిత్రి వచ్చింది. మద్రాసులో స్కౌటు శిక్షణ పొందిన పిల్ల, మంచి గొంతు. హెడ్మాస్టరు బాబురావు ఆమెను దళానికి తోడుగా వేశాడు. నెల తిరక్కముందే పిల్లలు ఆమె చుట్టూ మూగడం మొదలుపెట్టారు.

ఒకరోజు అందరికన్నా చిన్నవాడు మహబూబ్ రుక్మిణమ్మ చెయ్యి విడిపించుకొని, "నేను సావిత్రక్కతోని నడుస్త. అక్క పాట చెప్తది. నీకు రాదు గదా, పంతులమ్మా!" అన్నాడు.

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. మర్నాటి నుంచి సావిత్రి నవ్వినా తనను చూసే నవ్వినట్టు అనిపించేది.

ఊళ్లోని దళాలన్నీ కలిసే ర్యాలీ వచ్చింది. జెండా పట్టుకోవడానికి సావిత్రి మహబూబ్‌ను ఎంచి, ముందు వరుసలో, బ్యాండు పక్కనే నిలబెట్టింది. వాడికి పెద్ద చప్పుళ్లంటే ప్రాణభయం. వాళ్లమ్మ అమీనా ఆ సంగతి రుక్మిణమ్మకు ముందే చెప్పింది. అందుకే పెళ్లి ఊరేగింపు ఎదురైతే రుక్మిణమ్మ వాడి చెవులు మూసేది. సావిత్రికి ఒక్క మాట చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. పాట వచ్చిన మనిషి ఇది కూడా తెలుసుకోనీ అనుకుంది.

డోళ్లు మోగాయి. మహబూబ్ జెండా పారేసి, గావుకేక పెట్టి, గుర్రబ్బండ్ల మధ్యకు పరుగెత్తాడు. బండివాడు కళ్లెం బిగబట్టకపోతే చక్రం కింద పడేవాడే. ఇద్దరూ వాడి వెంట పరుగెత్తారు. రుక్మిణమ్మ చేతులు చాచింది. వాడు ఆమెను దాటిపోయి సావిత్రి మెడను కరుచుకున్నాడు. అంత భయంలోనూ ఆమెకు అదే గుచ్చుకుంది.

వాడు సద్దుమణిగాక సావిత్రి అడిగింది. "వీనికి గిట్ల భయమని నీకు తెల్సా, అక్కా?"

"తెల్సు."

"మరెందుకు చెప్పలే?"

రుక్మిణమ్మ కింద పడ్డ జెండా తీసి దుమ్ము దులిపింది.

"నా మీద కోపముంటే నన్ను తిట్టాలె. పోరడు ఏం చేసిండు?" అని సావిత్రి పిల్లవాణ్ని ఎత్తుకొని వెళ్లిపోయింది.

మర్నాడు రుక్మిణమ్మ అమీనా ఇంటికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అమీనా కొడుకును దగ్గరికి లాక్కుంది.

"నీ మీద మస్తు భరోసా పెట్టుకున్న, పంతులమ్మా. ఇగ వాణ్ని పంపాల్నా, వద్దా?"

"పంపు, అమ్మా. సావిత్రి తోలుకపోతది. నేను ఎనక ఉంట."

ఇచ్చిన మాట ప్రకారం రుక్మిణమ్మ బాబురావుకు చెప్పి దళాన్ని సావిత్రికి అప్పగించింది. తాను వరుస చివర నడుస్తూ, వెనకబడ్డ పిల్లలను అందుకునేది. సావిత్రి మళ్లీ అక్కా అని పిలవడానికి చాన్నాళ్లు పట్టింది. అసూయ మాత్రం పోలేదు. ముందు పాట మొదలైనప్పుడల్లా చివరన రుక్మిణమ్మ మొహం ముడుచుకునేది. కానీ చెప్పాల్సింది ఏదీ మళ్లీ దాచలేదు.

1947లో సావిత్రికి వరంగల్లు బదిలీ అయింది. స్టేషనులో పిల్లలు రైలు వెంట ఏడుస్తూ పరుగెత్తారు.

"నేను పోతే గింత ఏడుస్తరా, సారూ?" అని రుక్మిణమ్మ బాబురావును అడిగింది.

"నువ్వేడికి పోతవమ్మా?" అన్నాడాయన.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకొని, పిల్లల ముక్కులు తుడిచి, వరుస కట్టించింది.