అవ్వ వైపు నుంచి రాసిన పేజీ

నా చిన్నప్పుడు శ్రీరాంపూర్‌లో మా తెలుగు సారు ఉద్యోగం పోయిన సంగతిని ఇన్నేళ్లూ నాకు అనుకూలంగానే చెప్పుకుంటూ వచ్చాను. జరిగింది అది కాదు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. పాఠ్యపుస్తకం చూస్తేనే ఆవలించే మా కోసం సారు అద్దె పుస్తకాల కొట్టు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చి చదివి వినిపించేవారు. ఒక నవలలో నగలు పోతాయి. కథంతా డిటెక్టివే చెబుతాడు, ఇంటి ముసలి వంటమనిషిని అనుమానిస్తాడు. సారు పుస్తకం మూసి, ఇదే సంగతి ఆ ముసలామె చెబితే ఎట్లుంటుందో రాయమన్నారు. “ఆమె ‘నేను’ అంటది. ఆమెకు కనబడ్డదే రాయాలె” అన్నారు. రాసి చదువుకుంటే, అంతవరకు మాకు హీరో అయిన డిటెక్టివ్ ఎంత మొరటువాడో తెలిసింది.

మరునాటికి మా ఇళ్లలో జరిగిన ఏదైనా ఒకటి ఇంకొకరి వైపు నుంచి రాసుకురమ్మన్నారు. మా దగ్గర అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. నేను మా అవ్వనై రాశాను. ‘ఆయన తాగివచ్చి నన్ను కొట్టిండు. పిలగాడు నిద్రపోయినట్టు పండుకున్నడు’ అని.

మా బాపుకు చదువు రాదు. బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగి వచ్చి, నా నోటుబుక్కు పక్కింటి అక్కతో చదివించుకుని మురిసిపోవడం ఆయన అలవాటు. ఆ సాయంత్రం అక్క సగంలో ఆగింది. బాపు మొత్తం చదివించాడు. ‘నేను’ అని ఉంది కనుక, అవ్వే చెప్పి నాతో రాయించిందనుకున్నాడు.

“నా ఇజ్జత్ బడి దాక తీస్కపోయినవా?” అని ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఏమీ అర్థంకాక అవ్వ నా వైపు చూసింది. నేనే రాశానని చెప్పే ధైర్యం నాకు లేదు.

“అవ్వ కాదు బాపూ, సారు చెప్పి రాయించిండు” అన్నాను.

తెల్లారి బాపు నలుగురిని వెంటేసుకుని బడికి వచ్చాడు. అది ప్రైవేటు బడి, గొడవంటే భయపడే యాజమాన్యం. హెడ్మాస్టరు గదిలో నన్ను అడిగితే, అవునని తలూపాను. సారుకు అప్పుడు నెలల పాప, వేరే ఆధారం లేదు. అది నాకూ తెలుసు. ఆయన నా మొహంలోకి చూశారు, నా మెడ మీద బాపు వేళ్లకు కమిలిన చోటు చూశారు. నేను నిజం చెబుతానేమోనని ఎదురుచూశారు. నేను తల వంచుకున్నాను.

“అవును, నేనే చెప్పి రాయించిన. పిలగానిది, వాళ్లవ్వది తప్పేం లేదు” అన్నారు.

“సంసారాలు కూల్చనీకి వచ్చినవా సారూ?” అన్నాడు బాపు. మధ్యాహ్నానికల్లా సారును ఉద్యోగం నుంచి పంపేశారు. గేటు దగ్గర నన్ను చూసి, “అవ్వను అరుసుకో బిడ్డా, మంచిగ చూసుకో” అన్నారు, అంతే.

వారం తిరక్కుండానే బాపు మళ్లీ అవ్వను కొట్టాడు. నేను అడ్డుపోలేదు. బడిలో మాత్రం, సారు మాతో చెడు రాతలు రాయించేవారని అడిగినవాళ్లందరికీ చెప్పాను.

నాకు ఉద్యోగం వచ్చాక ఆయన్ను వెతుక్కుంటూ, ఆయన వెళ్లారని విన్న లక్సెట్టిపేట పోయాను. ఆయన ఉండిన ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఎటు పోయారో ఎవరికీ తెలియదు.

ఆ పేజీలో ప్రతి మాటా నాదే. సారుకు మా ఇంటి సంగతే తెలియదు. ఈరోజుకీ ఎవరైనా “అవును, నేనే చేశాను” అని తప్పు ఒప్పుకుంటే నేను వెంటనే నమ్మలేను. ఆ గదిలో తల వంచుకుని నిలబడ్డది ఎవరా అని చూస్తాను.