మా నాన్న బొమ్మను చూసిన తీరు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మద్రాసులో చిత్రకళ చదువు సగంలో ఉండగా, సెలవులకు బెజవాడ వచ్చాను. మా నాన్నది బట్టల కొట్టు. మగ్గం మీద నుంచి ఎదిగిన మనిషి. ఈ చదువు కూడు పెడుతుందా అని ఆయన బెంగ. "నీ బొమ్మొకటి ఊళ్ళో పెట్టరా, నేనొచ్చి చూస్తా. నచ్చితే వెళ్దువుగాని, లేకపోతే కొట్లో కూర్చో" అన్నాడు.

దేవుడి బొమ్మ వేస్తే ఏ గొడవా ఉండేది కాదు. నాకు పౌరుషం ఎక్కువ. కొట్లోని ముతకగుడ్డకే గంజి పట్టించి, మనిషీ చెట్టూ లేకుండా ఉత్త రంగులతో నిలువెత్తు బొమ్మ వేసి, గ్రంథాలయం హాల్లో తగిలించాను.

పుర్రెకో బుద్ధి అన్నారు. తెలుగు మేష్టారు మెడ వంచి చూసి, ఆనకట్ట మీద వరద అన్నారు. మైలవరం రైతు ఒకాయన "మిరపకాయలు ఆరబోసిన కళ్ళం కదండీ! ఎంచక్కా ఉంది" అని మురిసిపోయాడు. ఒక ప్లీడరుగారు మాత్రం పట్టు విడవలేదు. "ఇంతకీ ఏం బొమ్మయ్యా ఇది?"

"రంగులండీ, కనబడ్డం లేదా?" అన్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉండేది.

అప్పుడే నాన్న వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా తిన్నగా బొమ్మ దగ్గరికెళ్ళి, అంచు ఎత్తి వెనకవైపు చూశాడు. నేత తెలిసినవాళ్ళు ఏ బట్టనైనా తిరగేసి గాని చూడరు. తర్వాత బొటనవేలు నాలుకతో తడిపి, ఎరుపు మీద గట్టిగా రుద్దాడు. వేలు ఎర్రబడింది.

"రంగు దిగుతోందిరా" అన్నాడు.

హాలంతా గొల్లున నవ్వింది. బొమ్మ పాడైందన్న బాధ కంటే, చదువు పోయిందన్న భయమే నన్ను పట్టుకుంది. ఏడుపొక్కటే తక్కువ.

ప్లీడరుగారు నవ్వుతూ, "మీకేమన్నా అర్థమైందా?" అని నాన్ననే అడిగారు.

"అర్థం కావడానికేముందండీ? మొన్న మీ ఇంట్లోవాళ్ళు మా కొట్లో గళ్ళ చీర తీసుకున్నారు. అదేం బొమ్మని అడిగారా? కంటికి నచ్చింది, కట్టుకున్నారు."

ప్లీడరుగారు కండువా సర్దుకున్నారు. నాన్న మళ్ళీ బొమ్మ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. ఎరుపుకీ ఆకుపచ్చకీ నడుమ సన్నటి పసుపు గీత దగ్గర ఆయన చూపు ఆగింది. నేను మూడుసార్లు చెరిపి మళ్ళీ వేసిన గీత అది. పొద్దుటి నుంచీ దాన్ని ఎవరూ గమనించలేదు.

"ఇది లేకపోతే ఆ రెండూ కొట్టుకు చచ్చేవి" అన్నాడు మెల్లగా. ఎర్రబడిన వేలు పంచెకు తుడుచుకుని, "మద్రాసు మెయిలు బండి ఎన్నింటికిరా?" అని అడిగాడు.