సూదికి ముందు మాట

మా ఆసుపత్రి సిస్టరమ్మది బాపట్ల వైపు. ఢిల్లీలో ఇరవయ్యేళ్లు నర్సుగా చేసినా ఒక్క అబద్ధం మాత్రం మానలేదు. సూది గుచ్చకముందే "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అనేది. ఆ మాట నమ్మి ఊపిరి వదిలేలోపు సూది దిగేది. నాకూ అలాగే దిగింది.

ఏటా చలికాలంలో మా డాక్టర్లు గుర్‌గావ్ దాటాక అడవి మధ్యనున్న గోల్ఫ్ కోర్సులో పోటీ పెట్టుకునేవారు. ఆ ఏడు ఒక జట్టులో మనిషి తగ్గితే, ఆర్నెల్లుగా ఆదివారం చర్చి అయ్యాక ఆట నేర్చుకుంటున్న సిస్టరమ్మ ముందుకొచ్చింది. ల్యాబ్‌లో పనిచేసే నేను ఆమె స్టిక్కుల సంచి మోశాను.

చివరి హోల్ వరకూ రెండు జట్లూ సమానం. అక్కడ ఆమె బంతి తుమ్మచెట్లలోకి పోయింది. అవతలి జట్టు పెద్ద సర్జన్ బంతి హోల్‌కు బారెడు దూరంలోనే ఉంది.

"ఛోడ్ దో సిస్టర్, హో గయా," ఇక వదిలెయ్, అయిపోయిందని నవ్వాడాయన.

ఆమె సిరంజిలో బుడగ పోగొట్టినట్టు స్టిక్కును గోటితో రెండుసార్లు తట్టింది. "అయిపోయింది నాన్నా," అని బంతికి చెప్పి కొట్టింది. నెమళ్లు చెదిరిపోయాయి. బంతి రెండు చెట్ల సందులోంచి దూసుకెళ్లి, పచ్చికమీద దొర్లి, హోల్‌లో పడింది. నేను సంచి పారేసి గంతులేశాను.

సర్జన్ తన బంతిని మెల్లగా తట్టాడు. ఆ బారెడు దూరం బంతి దాటలేదు; పోటీ సిస్టరమ్మ జట్టుదైంది.

సిస్టరమ్మ వెళ్లి ఆయన భుజం తట్టింది.

"అయిపోయింది నాన్నా, అయిపోయింది."

నిజంగా అయిపోయాక ఆమె ఆ మాట అనడం వినడం నాకదే మొదటిసారి.