ఫౌజీ బిడ్డకు బడి

పుట్టగానే ఏడ్చిందా? ఎన్నో నెలలో మెడ నిలిపింది? పిలిస్తే పలుకుతుందా? ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. జబల్పూరులో చెప్పాను, భటిండాలో చెప్పాను, సికింద్రాబాదులో చెప్పాను. మా ఆయన సైన్యంలో బండ్లు బాగుచేసే హవల్దారు. బదిలీ ఆర్డరు రాగానే తక్కిన ఆడవాళ్ళు కొత్త ఊళ్ళో క్వార్టరు ఎలా ఉంటుంది, నీళ్ళు సరిగ్గా వస్తాయా అని అడిగేవాళ్ళు. నేను మా అమ్మాయికి బడి ఉందా అని అడిగేదాన్ని. మా అమ్మాయికి ఆటిజం. మాట తక్కువ, పంతం ఎక్కువ. ఒక ఊళ్ళో టీచరమ్మ తనకు చెంచా పట్టుకోవడం నేర్పి, చొక్కా గుండీల దాకా వచ్చేసరికి మాకు రైలు టిక్కెట్లు వచ్చేవి. కొత్త ఊళ్ళో కొత్త టీచరమ్మ మళ్ళీ మొదలుపెట్టేది, పుట్టగానే ఏడ్చిందా అని. ఏడవలేదమ్మా, ఆ ఏడుపంతా నేనే ఏడుస్తున్నాను అని చెప్పాలనిపించేది.

ఆయన పెన్షన్ తీసుకుని బయటికొచ్చినప్పుడు ఇక ఒకే ఊరు, ఒకే బడి అని సంబరపడ్డాను. కానీ మనిషి ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాడు. సౌదీలో మిలటరీ బండ్లు మరమ్మతు చేసే ఒక కంపెనీలో సూపర్‌వైజరు పని దొరికిందన్నాడు. ఫ్యామిలీ వీసా కూడా ఇస్తారన్నాడు.

"ఆడ దీనికి బడి ఉందా?" అన్నాను.

"అంత పెద్ద దేశంలో బడి లేకుండా పోద్దా?" అన్నాడు.

ఆయన ధైర్యం ఎప్పుడూ అంతే. ఏదీ కనుక్కోకుండా ఉన్నందువల్ల వచ్చే ధైర్యం.

అలా అభా అనే కొండల ఊరికి వచ్చి పడ్డాం. సౌదీ అంటే ఎండ, ఇసక అనుకుని నూలు బట్టలు సర్దుకొచ్చినదాన్ని, రాగానే స్వెట్టర్లు కొనుక్కోవాల్సి వచ్చింది. పొద్దున్నే కొండల మీద నుంచి మబ్బు దిగి కిటికీ దాకా వస్తుంది. రోడ్డు పక్కన కోతులు గుంపుగా కూర్చుని వచ్చేపోయే కార్లను చూస్తుంటాయి. మా అమ్మాయికి కోతులు నచ్చాయి. నాకు ఏదైనా నచ్చేంత ఓపిక మిగల్లేదు.

మన సిలబస్ చెప్పే ఒక బడివాళ్ళు మంచివాళ్ళే. వెనక బెంచీలో కూర్చోబెట్టుకుంటామన్నారు. కూర్చోబెట్టుకున్నారు కూడా. నాలుగు రోజులకు ఫోన్ చేసి, బెల్లు మోగినప్పుడల్లా చెవులు మూసుకుని బల్ల కిందికి దూరుతోంది, చూసుకోవడానికి మా దగ్గర మనిషి లేరు, ఏమీ అనుకోవద్దు అన్నారు. ఏమీ అనుకోలేదు. అనుకునే శక్తి ఉంటే కదా. ఇంగ్లీషులో చెప్పే ఇంకో చోట సీట్లు లేవన్నారు. మరో చోట ఫోనే ఎత్తలేదు.

అప్పుడు ఆయన ఒక కబురు తెచ్చాడు. తను పనిచేసే కంటోన్మెంటులోనే సైనికుల పిల్లల్లో ఇలాంటివాళ్ళకు నేర్పే సెంటరు ఒకటి ఉందట.

"మనం సైనికులం కాదుగదా ఇక్కడ," అన్నాను.

"ఫౌజీ ఏడైనా ఫౌజీనే. ఫౌజీ బిడ్డకు ఫౌజీ బడిలో సీటివ్వరా?"

మర్నాడు మనిషి నీలం కోటు తొడుక్కుని, దాని మీద పతకాలు వరసగా పెట్టుకుని, అద్దం ముందు నిలబడ్డాడు. మన దేశంలో ఏ మిలటరీ ఆసుపత్రికి వెళ్ళినా, ఏ బడికి వెళ్ళినా ఆ కోటు పనిచేసింది. గుమాస్తా లేచి కుర్చీ వేసేవాడు. "అయ్యా, ఆ పతకాలిచ్చింది మన సర్కారు, వీళ్ళ రాజు కాదు" అని మొత్తుకున్నాను. వింటేగా. ఇలాంటి పని ఫౌజీ తప్ప భూమ్మీద ఇంకెవరూ చేయరు.

అరబ్బీ మాట్లాడ్డానికి తోడు కావాలని తన వర్క్‌షాపులో పనిచేసే పాకిస్తానీ డ్రైవరును వెంటపెట్టుకొచ్చాడు. పెద్దాయన. గడ్డానికి గోరింటాకు రంగు. ఆయనా రిటైర్డు ఫౌజీనే, కాకపోతే అటువైపు ఫౌజు. పని దగ్గర వీళ్ళిద్దరికీ మంచి జత. కారెక్కగానే వెనక్కి తిరిగి మా ఆయన కోటు చూసి, "ఈ చివరిది మంచుకొండల డ్యూటీది కదూ, హవల్దార్ సాబ్?" అని ఉర్దూలో అడిగాడు. మా ఆయన ఔనన్నాడు. "మేమూ అక్కడే ఉన్నాం, ఎదురు గట్టు మీద" అన్నాడు పెద్దాయన. ఇద్దరూ చలి గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. మా అమ్మాయి దారంతా ఆ పతకాలను వేలితో మీటుతూనే ఉంది.

సెంటరు కౌంటరు దగ్గర కుర్ర సిపాయి ఒకడు కోటు చూసి కంగారుపడి లోపలికి పరిగెత్తాడు. ఎవరో పెద్ద ఆఫీసరొచ్చాడనుకున్నట్టున్నాడు. లోపల్నుంచి ఒక రఖీబ్ వచ్చాడు. రఖీబ్ అంటే మన హవల్దారు హోదా. మమ్మల్ని కూర్చోబెట్టి, ఖహ్వా అనే వాళ్ళ కాఫీ పోయించి, ఖర్జూరాలు ముందు పెట్టి, ఏ దేశపు సైన్యం, ఏం యుద్ధం అని అడిగాడు. పాకిస్తానీ పెద్దాయన గడ్డం నిమురుకుని అరబ్బీలో ఏదో చెప్పాడు. రఖీబ్ ఒక్కసారి పగలబడి నవ్వాడు.

"ఏం చెప్పావు ఉస్తాద్?" అన్నాడు మా ఆయన.

"యుద్ధం మాతోనే అని చెప్పాను. ఈయన మంచి సైనికుడు, సాక్ష్యం నేనే అని కూడా చెప్పాను."

ఆ మాటకు మా ఆయన తల వంచుకున్నాడు. నాకు ఆ పెద్దాయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. కానీ సీటు సీటే. రఖీబ్ నవ్వడం మానేసి, చెయ్యి గుండె మీద పెట్టుకుని చెప్పాడు. ఇది ఇక్కడి సైనికుల పిల్లలకు మాత్రమే. వాళ్ళకే చాలడం లేదు. తన కొడుకు కూడా ఇలాంటివాడే, వాడికే ఇంకా వంతు రాలేదు, ఊళ్ళో ఒక ప్రైవేటు సెంటరుకు తీసుకెళ్తున్నాడు. కావాలంటే సాయంత్రం అసర్ నమాజు అయ్యాక అక్కడికి రండి, నేను చెప్తాను అన్నాడు. అక్కడే పనిచేసే మనిషి కొడుక్కే చోటు లేదంటే ఇక నేనేం అడుగుతాను?

ఆ ప్రైవేటు సెంటర్లో ఈజిప్టు టీచరమ్మ మా అమ్మాయిని పరీక్షించింది. పుట్టగానే ఏడ్చిందా అని అడిగింది. చెప్పాను. తర్వాత అమ్మాయిని కూర్చోమంది అరబ్బీలో. నిలబడమంది ఇంగ్లీషులో. రంగు బిళ్ళలు ముందు పోసి ఎర్రది తీయమంది. మా అమ్మాయి కిటికీ వంక చూస్తూ నిలబడింది. టీచరమ్మ ఏదో రాసుకుంది. మళ్ళీ అడిగింది, మళ్ళీ రాసుకుంది. ఈ పిల్లకు ఏమీ రాదని రాసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఈ సీటు పోతే నేనూ అమ్మాయీ ఇండియాకు టిక్కెట్టు కొనుక్కోవడమే, వేరే దారి లేదు.

గుమ్మంలో నిలబడ్డ మా ఆయన ఇక ఉండబట్టలేక "సావధాన్!" అని ఒక్క అరుపు అరిచాడు.

అమ్మాయి మడమలు కలిపి నిటారుగా నిలబడింది. వరండాలో పిల్లలంతా గప్‌చిప్ అయిపోయారు. టీచరమ్మ కలం కింద పెట్టి నా వైపు తిరిగి, "ఈ పిల్ల తండ్రంటే భయపడుతుందా?" అని మెల్లగా ఇంగ్లీషులో అడిగింది.

ఆయన మొహం చూడలేకపోయాను. కొట్టినా అంత బాధపడడు. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో నేనే చెప్పుకున్నాను. జడ వేసేటప్పుడు కదలకుండా ఉండాలంటే ఈయన సావధాన్ అంటాడు, అయిపోగానే విశ్రామ్ అంటాడు. అదో ఆట. ఒక ఊళ్ళో టీచరు కూర్చో అంది, ఇంకో ఊళ్ళో బైఠో అంది, ఇంకో ఊళ్ళో సిట్ డౌన్ అంది. అన్ని ఊళ్ళలోనూ మారనివి ఆ రెండు మాటలే. అందుకే అవి దానికి అర్థమవుతాయి.

టీచరమ్మ అమ్మాయి వైపు తిరిగింది. "విశ్రామ్" అంది, నోరు తిరక్కపోయినా. అమ్మాయి కాళ్ళు ఎడం చేసి నిలబడింది. "మిలటరీ పిల్లలు నాకు కొత్త కాదు," అంది టీచరమ్మ. "నేను నేర్పుతాను, తండ్రికి బదిలీ వస్తుంది, నేర్చుకున్నదంతా దారిలోనే రాలిపోతుంది. చేర్చుకుంటాను. ఒక వస్తువుకు ఒక్కటే మాట, ఇక్కడా ఇంట్లోనూ. ఊరు మాత్రం మార్చకండి."

"మాకిక బదిలీలు లేవు," అన్నాడు మా ఆయన.

ఏడాదిన్నర పాటు మేం నిజంగానే కదల్లేదు. అమ్మాయి గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంది. గ్లాసు చూపించి "మోయా" అని అడగడం నేర్చుకుంది. దాహం వేస్తే గోడకు తల కొట్టుకునే పిల్ల అడిగి తాగింది. టీచరమ్మ చెప్పినట్టు మేమూ ఇంట్లో మోయా అనే అన్నాం. మంచినీళ్ళు అనే మాటను మానేశాం. "రేపు మీ అమ్మతో ఎట్టా మాట్టాడుద్ది?" అని ఆయన గొణిగాడు. "ముందు మాట్టాడనీండి" అన్నాను.

సెంటర్లో పిల్లల కోసం ఎదురుచూస్తూ రఖీబ్ భార్యా నేనూ పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నాకు అరబ్బీ రాదు, ఆమెకు అరబ్బీ తప్ప రాదు. ఫోన్లో మాట్లాడితే అదే తర్జుమా చేసి చూపించేది. కొన్నాళ్ళకు రఖీబ్‌ను సరిహద్దుకు పంపారు. ఆమె వెంట వెళ్ళలేదు. ఎందుకని అడిగితే ఫోన్ అక్కర్లేకుండానే చెప్పింది. లోపలున్న కొడుకు వైపు వేలు చూపించింది, అంతే.

ఒకరోజు మా ఆయన పని నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా మంచం కింద నుంచి నల్ల ట్రంకు పెట్టె బయటికి లాగాడు. ఫౌజీ ఇళ్ళలో భార్య ఏమీ అడగదు. పెట్టె బయటికొస్తే బట్టలు తెచ్చి మడతపెట్టడమే. అన్ని బదిలీలకూ నేను అలాగే మడతపెట్టాను. ఇప్పుడు చేతులు రాలేదు. మంచం మీదే కూర్చున్నాను.

"ఇక్కడ కాంట్రాక్టు పోయిందంట. మమ్మల్నందర్నీ ఆ చివర సముద్రం ఒడ్డున జుబైల్ పంపిస్తన్నారు," అన్నాడు. "ఆడ కూడా సెంటర్లుంటాయిలే. పెద్ద ఊరు."

మళ్ళీ కొత్త టీచరమ్మ. పుట్టగానే ఏడ్చిందా.

"మీరెళ్ళండి. మేం రాం," అన్నాను.

"ఒక్కదానివి ఎట్టా ఉంటావే పరాయి దేశంలో?"

"మంచుకొండల మీద మీరున్నప్పుడు నేను ఎవరితో ఉన్నా?"

ఆయన చాలాసేపు పెట్టె మీద కూర్చున్నాడు. లేచి, తన బట్టలు మాత్రం పెట్టుకున్నాడు. అక్కడ క్యాంపులో నలుగురితో కలిసి ఉండే గది ఇచ్చారు.

వెళ్ళే రోజు పొద్దున కంపెనీ బండి ఇంకా రాలేదు. అమ్మాయిని సెంటరుకు తీసుకెళ్ళే వ్యాను ముందొచ్చింది. ఆయన మెట్ల దగ్గర వంగి దాని బొట్టు సరిచేసి, నాన్న దూరం వెళ్తున్నాడని చెప్పాడు. ఏడుస్తుందని తయారై ఉన్నాడు, నాకు తెలుసు. అది సంచి తగిలించుకుని వ్యానెక్కి, తన కిటికీ పక్క సీట్లో కూర్చుని ముందుకు చూసింది.

"నా వైపు చూడలేదే అది," అన్నాడు.

"బడికి పోతావుంది. చూడదు," అన్నాను.

ఇన్నేళ్ళూ వెళ్ళిపోయేది ఆయన. పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడేది నేను. వ్యాను మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు. బండి వచ్చేలోపు టీ తాగుదురుగాని రండి అని పిలిచాను. రాలేదు.