ఆరో వాటా

పోయినవి ఇవి: వానకు తడిసిన మిర్చి మూడు బస్తాలు, పగిలిన సెల్‌ఫోన్ ఒకటి, పనిరోజులు తొంభై రెండు, కానిస్టేబుల్ పరుగు ఒకటి.

టేకులపల్లి అవతల మా ఊళ్లో బస్తాలు ఎత్తడానికి కూలి ఇవ్వం, బదులు పనే. నా లోడుకు నువ్వొస్తే నీ లోడుకు నేనొస్తాను. పని చేసినవాళ్లకు మందు మాత్రం పోయాలి. ఎవరి కల్లంలోనైనా పోసేది నేనే. చదివింది ఐదో తరగతి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నా చేతి సీసా ఎవరికీ చుక్క ఎక్కువ పోయదని పేరు.

ఆ మధ్యాహ్నం నా కల్లంలో ఆరుగురు కుర్రాళ్లు. అడవి మీది నుంచి మబ్బు దిగుతోంది. ట్రాలీలో చివరి బస్తా పడింది. పట్టా కప్పి తాడు కట్టాలి. "ముందు మందు, తర్వాతనే తాడు" అన్నారు. ఆరు గ్లాసులు పోశాను.

మా పక్కింటామె కొడుకు గ్లాసు ముట్టలేదు. తొమ్మిది రోజుల్లో అతనికి కానిస్టేబుల్ ఎంపిక, పదహారు వందల మీటర్ల పరుగు.

"నాకొద్దు కాకా."

"ఏందిరా, అప్పుడే ఎస్సై సారువైనవా? మమ్మల్ని లోపలేస్తవా?" ఒకడు నవ్వాడు.

"గీ ఒక్క గ్లాసుకే కాళ్లు పడిపోతయా? ఇయ్యాల రేపు తాగనోడు ఎవడున్నడు?" ఇంకొకడు.

అతను నా వైపు చూశాడు. నేను వద్దంటే ఆ మాటలు ఆగేవి. నాకు మాత్రం మిగిలిపోయే వాటా కనిపించింది. అది ఒకడికిస్తే మిగతా నలుగురు అలుగుతారు.

"వాటా వాటానే బిడ్డా. జల్దీ తాగు, వానొస్తున్నది" అన్నాను.

ఒక్క గుక్కలో తాగి, తాడు పట్టుకుని లోడు మీదికెక్కాడు. చినుకులు మొదలయ్యాయి. అతని అడుగు తడబడటం కింద నుంచి కనిపిస్తూనే ఉంది. అయినా "లాగు, ఇంకా లాగు" అని అరిచాను. తాడుతో సహా వెనక్కి పడ్డాడు, జేబులో సెల్‌ఫోన్ పగిలింది. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది.

కొత్తగూడెం దవాఖానాలో వాళ్లమ్మ ఒకటే అడిగింది.

"వాడు తాగడు కదన్నా. ఎవరు పోసిండ్రు?"

"నేనే పోసిన చెల్లె."

అతను తొంభై రెండు రోజులు మంచంలో ఉన్నాడు. ఆమె వద్దన్నా అన్ని రోజులూ వాళ్ల చేలో బదులు చేశాను.

ఈ ఏడు నా కల్లంలో టీ పోశాను. "గిదేంది కాకా, పెండ్లిచూపులా?" అని ఇద్దరు వెళ్లిపోయారు. అతను కుంటుతూ వచ్చి, కింద నిలబడే తాడు కట్టాడు. ఆ కాలితో ఎంపికకు పనికిరాడని చెప్పేశారు.

రోజుల లెక్క తీరింది. పదహారు వందల మీటర్లు ఇంకా బాకీ ఉన్నాను.